35 వేల ప్యాకేజీ కట్టే ముందు, మాస్టారూ

మాస్టారూ, మీ పుస్తకం ప్రచారానికి ఆ 35 వేలు కట్టకండి. ముందు ఈ ఒక్క మాట చెప్పేసి తర్వాత వివరంగా రాస్తాను, ఎందుకంటే శుక్రవారం లోపు అడ్వాన్స్ పంపమన్నారని రాశారు, నా సమాధానం పూర్తయ్యేలోపు మీరు ఫోన్ పే చేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

తర్వాత చదివేవాళ్ల కోసం మీ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మీరు కైకలూరు దగ్గర హైస్కూల్లో తెలుగు చెబుతున్నారు. కొల్లేరు సరస్సులోని లంక ఊళ్ల మీద 14 కథలు రాసి, 144 పేజీల పుస్తకం, 500 కాపీలు, సొంత డబ్బు 45 వేలు పెట్టి వేయించారు. వెల 180 రూపాయలు. ఇప్పుడొక ప్రమోషన్ సంస్థ వాళ్లు ఫోన్ చేసి 35 వేలు కడితే 10 రీల్స్, ఆన్‌లైన్‌లో 25 రివ్యూలు, పేపర్లో ఒక వార్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు), చివర్లో హైదరాబాద్‌లో ఒక అవార్డు ఇప్పిస్తామంటున్నారు. రచయిత తన పుస్తకం ప్రచారానికి తనే డబ్బు పెట్టుకోవచ్చా, అది పరువు తక్కువ పని కాదా అని అడిగారు.

పరువు విషయం మనసులోంచి తీసేయండి. మన భాషలో రచయిత సొంత డబ్బు పెట్టుకోవడం నిన్నా మొన్నా వచ్చింది కాదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టుకున్నారు, ఆ తర్వాత రాజమండ్రిలో ప్రెస్సు కూడా పెట్టుకున్నారు, 1878లో తన నవల రాజశేఖర చరిత్రను ఆ పత్రికలోనే విడతలు విడతలుగా వేసుకున్నారు. పత్రిక ఆయనదే, అచ్చు ఆయనదే, పాఠకుడిని వెతుక్కున్నదీ ఆయనే. ఆ తర్వాత చాలా కాలం వారపత్రికలు ఈ బరువు మోశాయి. నవల సీరియల్‌గా వస్తే పుస్తకం అయ్యేనాటికే రచయిత పేరు ఇంటింటికీ తెలిసిపోయేది, ప్రచారం అంటూ వేరే ఖర్చు ఉండేది కాదు. ఆ వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, లేదా చిక్కిపోయాయి. వాటితో పాటు పోయిన ఆ పని ఇప్పుడు రచయిత నెత్తిన పడింది, అంతే. కాబట్టి డబ్బు పెట్టండి, సిగ్గుపడకండి. ఎక్కడ పెడుతున్నారన్నదే నా బాధంతా.

విజయవాడలో ఇరవై ఏళ్ల పైనుంచి డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని), పుస్తకాల పని చేస్తున్నాను. నావి నాలుగు పుస్తకాలు, ఇతరులవి అరవై దాకా నా చేతుల మీదుగా వెళ్లాయి. ఈ ప్రశ్న నన్ను అడగని రచయిత లేడు. అందరికీ మొదట ఇదే లెక్క వేసి చూపిస్తాను, మీదీ వేద్దాం.

మీకు కాపీకి 90 రూపాయలు పడింది. షాపుకో డిస్ట్రిబ్యూటర్‌కో ఇస్తే 40 నుంచి 50 శాతం కమిషన్ తీసుకుంటారు. అది దోపిడీ అని చాలామంది తిట్టుకుంటారు గానీ నేను అనను, అద్దె, స్టాఫ్, ఏళ్ల తరబడి కదలని స్టాకు, ఇదంతా వాళ్లు మోయాలి. 45 శాతం అనుకుంటే 81 రూపాయలు వాళ్లకి, 99 మీకు. అచ్చు ఖర్చు పోతే చేతిలో మిగిలేది 9 రూపాయలు. ఒక్క కాపీ కూడా ఎవరికీ ఊరికే ఇవ్వకుండా 500 అమ్ముడైతే మొత్తం మీద వచ్చేది 4,500. ఇప్పుడా 35 వేలు పెట్టారనుకోండి, ఆ డబ్బు వెనక్కి రావాలంటేనే షాపుల ద్వారా 354 కాపీలు పోవాలి. అచ్చుకి పెట్టిన 45 వేలు ఇంకా రానే లేదు. అంటే ఈ ఎడిషన్ మొత్తం అమ్ముడైనా, ప్యాకేజీ కడితే మీకు 30 వేల పైచిలుకు చేతి చమురు వదలడం ఖాయం. ఇందులో వాళ్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అనే మాటే రాదు, 500 కాపీల పుస్తకానికి ఆ ఖర్చు మోసే శక్తి లేదు.

నేను ఈ లెక్క వేసుకోకుండానే దిగాను. 2007లో నా మొదటి కథల పుస్తకం, వెయ్యి కాపీలు. ఆవిష్కరణ హైదరాబాద్‌లో చేస్తేనే నలుగురికీ తెలుస్తుందని ఒక పెద్దాయన చెప్తే నమ్మాను. హాలు, మైకు, ఫ్లెక్సీ, ముఖ్య అతిథిని ఇంటి నుంచి తీసుకొచ్చి దింపడానికి కారు, వేదిక మీద ఆరుగురికి ఆరు శాలువాలు, ఆరు మెమెంటోలు, వచ్చినవాళ్లకి ఇడ్లీ, కాఫీ, వీడియో, అన్నీ తడిసి మోపెడై 28 వేలు తేలింది. అప్పటి 28 వేలు. ముందు వరుసలో మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు, ఆయన సంతోషం ఇప్పటికీ కళ్ల ముందుంది, ఆ సంతోషానికి నేను వెల కట్టను. కానీ ఆ సాయంత్రం పుస్తకానికి ఏం జరిగిందో చెప్తాను. వేదిక మీద మాట్లాడిన వాళ్లలో ఇద్దరు పుస్తకం తెరవనే లేదు, ముందుమాటలోని వాక్యాలే అటూ ఇటూ తిప్పి చెప్పారు. వచ్చినవాళ్లకి పుస్తకం ఇవ్వకపోతే బాగోదని సంతకాలు పెట్టి 90 కాపీలు పంచాను. అమ్మింది 11.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఉన్న నా స్నేహితుడు ఫోన్ చేశాడు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో నాది కనిపించిందట. తీసుకురా అన్నాను. తెచ్చాడు. మొదటి పేజీలో 'గౌరవనీయులు' అంటూ నా చేతి రాత, సంతకం, తేదీ. పేజీలు చూస్తే ఎక్కడా వేలు పడిన గుర్తు లేదు, బైండింగ్ కూడా విరగలేదు, కొత్త పుస్తకం తెరిచినప్పుడు వచ్చే చప్పుడు ఆ పుస్తకానికి ఇంకా అలాగే ఉంది. ఎవరికి ఇచ్చానో ఆయన పేరు ఇక్కడ చెప్పను, ఆయన్ని నిందించను కూడా. రోజుకి ఐదారు పుస్తకాలు అందుకునే మనిషి అన్నీ ఎక్కడ చదువుతారు? చదివే తీరిక లేని చేతుల్లో పెట్టడానికి నేను డబ్బు ఖర్చు పెట్టాను, అదీ నన్ను కోసేసిన విషయం. మిగిలిన కట్టలు అటక మీద ఉండిపోయాయి, రెండు వర్షాకాలాల తర్వాత దించితే కింది కట్టకు చెదలు పట్టాయి.

అప్పటి నుంచి ప్రతి ఖర్చుకీ ఒకటే చూస్తున్నాను: ఈ రూపాయి వల్ల పుస్తకం చదివే మనిషి చేతికి వెళ్తుందా, లేక నాకు దండ పడుతుందా? దండ పడటంలో తప్పులేదు, ఇంట్లో శుభకార్యం లాంటిదే అది, శక్తి ఉంటే చేసుకోండి. దాన్ని ప్రచారం ఖాతాలో మాత్రం రాయకండి.

ఇప్పుడు మీ ప్యాకేజీలో ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. ఐఎస్‌బీఎన్ అని రాశారు కదా, అది మన దేశంలో ఉచితం. ఢిల్లీలో రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ వాళ్లు ఇస్తారు, ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు, రచయిత తన పేరు మీదే తీసుకోవచ్చు. ఉచితంగా వచ్చేదాన్ని ప్యాకేజీలో వస్తువుగా చూపించారంటేనే మీకు అర్థం కావాలి. అయినా మీ పుస్తకం అచ్చయిపోయింది, ఇప్పుడా నంబరు తెచ్చి ఎక్కడ వేస్తారు, స్టిక్కర్ అంటించాలి.

25 రివ్యూలు అసలు వద్దు. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు పెట్టడం అమెజాన్ నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే రివ్యూలు పీకేస్తారు, ఒక్కోసారి అంతకంటే పెద్ద ఇబ్బందే వస్తుంది. అది పక్కన పెట్టినా, 25 మంది 'హృదయాన్ని తాకిన కథలు' అని ఒకేలా రాస్తే తెలుగు పాఠకుడు ఇట్టే పసిగడతాడు. రేపు నిజంగా చదివిన ఒక మనిషి మనస్ఫూర్తిగా రాసినా, ఆ గుంపులో అదీ అద్దె మాటలాగే కనబడుతుంది. మీ పుస్తకానికి రాబోయే నిజమైన మాటను మీరే పాడుచేసుకున్నట్టు అవుతుంది.

రీల్స్ సంగతి కొంచెం వేరు. పుస్తకాల గురించి నిజంగా చదివి మాట్లాడే పిల్లలు యూట్యూబ్‌లో, ఇన్‌స్టాలో ఉన్నారు, వాళ్ల వల్ల పుస్తకాలు కదలడం నేను చూశాను. వాళ్లలో కొందరు డబ్బు తీసుకుంటారు, వాళ్ల టైముకి వాళ్లు అడగడంలో తప్పులేదు. కానీ డబ్బు తీసుకుని చేసినప్పుడు అది ప్రకటన అని వీడియోలో చెప్పి తీరాలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ విషయంలో స్పష్టంగా మార్గదర్శకాలు ఇచ్చింది. 'పెయిడ్ అని వేస్తారా' అని మీ సంస్థవాళ్లని అడిగి చూడండి. నా సలహా అయితే, డబ్బివ్వకుండా ఒక కాపీ, ఒక చిన్న ఉత్తరం పంపండి. నచ్చితే మాట్లాడతారు. పదిమందికి పంపితే ఇద్దరు మాట్లాడినా ఆ ఇద్దరి మాటకి బరువుంటుంది.

డబ్బు కడితే వచ్చే అవార్డు గురించి నేను ఎక్కువ రాయను. మీరు పిల్లలకి తెలుగు చెప్పే మనిషి. ఆ మెమెంటో స్టాఫ్ రూంలో పెట్టుకున్నాక ఎవరైనా 'ఎలా వచ్చింది మాస్టారూ' అని అడిగితే మీరు తల దించుకోకూడదు.

పేపర్లో వార్తకి డబ్బెందుకు? మీ జిల్లా పేజీ చూసే విలేకరికి మీరే ఫోన్ చేయండి, కైకలూరులో పనిచేసే మాస్టారు కొల్లేరు కథలు రాశారంటే వాళ్లకీ వార్తే కదా. ఆదివారం అనుబంధాల్లో, సాహిత్యం పేజీల్లో సమీక్షకి సాధారణంగా రెండు కాపీలు పంపాలి. వస్తుందో రాదో మన చేతిలో లేదు, నెలల తర్వాత రావచ్చు. పంపడం మానకండి.

మరి ఎక్కడ పెట్టాలి అంటారా? నేనైతే మీ పుస్తకానికి 12 వేలు, మహా అయితే 15 వేలు విడిగా తీసి ఒక కవర్లో పెడతాను, అది అయిపోతే ఇంక పెట్టను. అందులో పెద్ద వాటా ఉచిత కాపీలకే. మీకు వింతగా ఉండొచ్చు, ఇప్పుడేగా 90 కాపీలు పంచి ఏడ్చానని చెప్పాను. తేడా ఎవరికి ఇస్తున్నాం అన్నదాంట్లో ఉంది. 50 కాపీలు ఎంచి ఎంచి పంపండి. అచ్చు 90, పోస్టు, కవరు కలిపి కాపీకి ఓ 120 పడుతుంది, మొత్తం 6 వేలు. పెద్ద రచయితలకి పది చాలు. మిగతా నలభై నిజంగా చదివే వాళ్లకి: ఫేస్‌బుక్‌లో తను చదివిన ప్రతి పుస్తకం గురించి నాలుగు లైన్లు రాసే బ్యాంకు ఉద్యోగి, జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్లు, ఊరి లైబ్రేరియన్, పాఠక బృందం నడిపే గృహిణి. ఇలాంటివాళ్లు ఎవరో తెలుసుకోవడానికి ఒక నెల పడుతుంది, ఆ నెల శ్రమని ఏ సంస్థా మీ బదులు పడదు.

ఇంకో మాట, మీరు దీన్ని అసలు గమనించినట్టు లేదు. మీ పుస్తకంలో 2006లో ప్రభుత్వం కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టించిన సంగతి మీద రెండు కథలున్నాయని రాశారు. ఆ గట్లు కొడుతుంటే నిలబడి చూసినవాళ్లు ఆకివీడు, మండవల్లి, ఏలూరు చుట్టుపక్కల ఇంకా ఉన్నారు, వాళ్ల పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు. మీ పాఠకులు వాళ్లు. హైదరాబాద్‌లో సభకి వచ్చే వంద మంది కంటే కొల్లేటి ఊళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి మీకు ఎక్కువ పని చేస్తుంది. ఆ కథలోంచి ఒక పేజీ ఫొటో తీసి, కింద మీ నంబరు, క్యూఆర్ కోడ్ పెట్టి పంపండి. ఖర్చు సున్నా. సభ చేయాలనిపిస్తే ఏదో ఒక లంక ఊళ్లో చేయండి, వేదిక, శాలువాలు ఏమీ వద్దు, ఒక కథ పైకి చదవండి.

పోస్టు గురించి. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపుకునే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ను తపాలా శాఖ 2024 డిసెంబరులో తీసేసినప్పుడు మాలాంటివాళ్లకి గుండెలో రాయి పడింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు, 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పైన పన్ను, ట్రాకింగ్ కూడా ఉంటుంది. 144 పేజీల డెమీ సైజు (మామూలు కథల పుస్తకం సైజు) పుస్తకం 70 జీఎస్ఎం మందం కాగితం మీద అయితే కవరుతో కలిపినా 300 గ్రాములు దాటదు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రెస్సు పేరో ఉండాలి, మధ్యలో వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. కౌంటర్లో కొత్తవాళ్లుంటే పార్శిల్‌గా లెక్క కడతారు, జ్ఞాన్ పోస్ట్ అని మీరే గట్టిగా అడగండి. ఇలా నేరుగా పంపితే ఆ 180లో మీకు 150 దాకా మిగులుతుంది, షాపు ద్వారా వచ్చే 99తో పోల్చి చూసుకోండి. అలాగని షాపులకి ఇవ్వడం మానొద్దు, రెండు మూడు చోట్ల ఇరవయ్యేసి కాపీలు పెట్టండి, రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.

నా రెండో పుస్తకానికి చేసిన ఒక్క పని చెప్తాను, దానికి పెట్టిన డబ్బు మీద నాకు ఇప్పటికీ తృప్తి ఉంది. పుస్తకంలో మొదటి కథ ఒక్కదాన్నీ 8 పేజీల చిన్న బుక్‌లెట్‌గా వెయ్యి కాపీలు వేయించాను, మామూలు కాగితం, రంగులు లేవు, చివరి పేజీలో పుస్తకం పేరు, స్టాల్ నంబరు, ఫోన్ నంబరు. విజయవాడ పుస్తక మహోత్సవంలో, అప్పుడు స్వరాజ్ మైదానంలో జరిగేది, మా స్టాల్ ముందు నిలబడి పంచాను. చాలామంది రెండడుగులు వేసి కింద పడేశారు, అవి నేనే ఏరుకొచ్చి దులిపి మళ్లీ పంచాను. మూడో రోజు సాయంత్రం ఆర్టీసీ కండక్టర్ ఒకాయన, డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఖాకీ చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆ బుక్‌లెట్ తీశాడు. మడతల దగ్గర చెమటకి అక్షరాలు చెరిగిపోయాయి. 'ఇలాంటివి ఇంకా ఉన్నాయాండీ దీంట్లో' అని అడిగి పుస్తకం చేతిలోకి తీసుకుని, అక్కడే నిలబడి ఇంకో రెండు పేజీలు చదివి, డబ్బిచ్చి వెళ్లాడు. వేదిక మీద ఆరుగురు గంటన్నర మాట్లాడినా రాని ధైర్యం నాకా సాయంత్రం వచ్చింది. ఆ పదకొండు రోజుల్లో 140 కాపీలు పోయాయి. కారణం ఆ బుక్‌లెట్టే, ఎందుకంటే చాలామంది అది చేతిలో పట్టుకునే వచ్చారు.

మీ 15 వేలలో 3 వేలో 4 వేలో దీనికి తీయండి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడకో రెండు రోజులు రాను పోను ఖర్చులకి కొంత. సొంత స్టాల్ జోలికి పోకండి, ఒక్క పుస్తకానికి ఆ అద్దె కిట్టదు. తెలిసినవాళ్ల స్టాల్లో పెట్టి, పక్కన మీరు నిలబడండి. పుస్తకం చూసేవాళ్ల మీద పడకండి, ముందు అట్ట చూస్తారు, తిప్పి వెనక అట్ట చదువుతారు, మధ్యలో ఏదో ఒక పేజీ తెరుస్తారు, అప్పటిదాకా నోరు విప్పొద్దు. ఆ తెరిచిన పేజీలో అచ్చుతప్పు కనబడిందా, పుస్తకం తిరిగి బల్ల మీదకే. అందుకే వచ్చే పుస్తకానికి ప్రూఫులు చూసే మనిషికీ, అట్ట గీసే మనిషికీ డబ్బివ్వడానికి వెనకాడకండి, నాకు తెలిసినంతలో అంతకంటే మంచి ప్రచారం లేదు. 500 బదులు 300 వేసి మిగిలిన డబ్బు వాటికి పెట్టినా మంచిదే.

ఫేస్‌బుక్‌లో డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించడం, అదే బూస్ట్ చేయడం, నేను మూడు సార్లు ప్రయత్నించాను. లైకులు వచ్చాయి, ఆర్డర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కావాలంటే ఐదు వందలతో ఒకసారి చూసి వదిలేయండి.

ఇంకొకరు ఇదే ప్రశ్న కింద అడిగారు, తన పుస్తకం వేస్తామన్న ప్రచురణ సంస్థ ప్రచారానికి సగం కట్టమంటోందని. అమ్మా, అచ్చు ఖర్చు వాళ్లే పెట్టుకుని మీకు రాయల్టీ ఇస్తామన్నవాళ్లయితే ప్రచారం కూడా వాళ్ల పెట్టుబడిలో భాగమే. మీరు తిరగండి, మాట్లాడండి, కాపీలు కొని పంచండి, కానీ వాళ్ల అకౌంట్లో డబ్బు వేయకండి. వేస్తే ఇక ఆ పుస్తకానికి మీరూ భాగస్వామే, అప్పుడు లాభంలో వాటా ఎంత, మిగిలిన స్టాకు ఎవరిది, హక్కులు ఎన్నేళ్లకి వెనక్కి వస్తాయి అనేవి కాగితం మీద ఉండాలి. నోటి మాటగా 'చూసుకుందాం లెండి' అంటే ఒప్పుకోకండి.

మాస్టారూ, శుక్రవారం వాళ్లు ఫోన్ చేస్తారు కదా, ఒక్క ప్రశ్న అడగండి: ఇదివరకు మీరు చేసిన మూడు పుస్తకాల రచయితల నంబర్లు ఇస్తారా, ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో వాళ్లనే కనుక్కుంటాను అని. నాకు తెలిసి ఇవ్వరు. ఒకవేళ ఇచ్చి, ఆ ముగ్గురూ బాగా అమ్ముడయ్యాయని చెబితే నాకు మళ్లీ రాయండి, నేనూ తెలుసుకుంటాను. ఈలోపు నాకు పది కాపీలు పంపండి, జనవరిలో మా స్టాల్లో ముందు వరుసలో పెడతాను, కమిషన్ వద్దు. అందులో ఒకటి నేను కొంటాను, 180 ముందే పంపిస్తున్నాను, ఆ చెరువుల గట్ల కథ ఏ పేజీలో ఉందో మాత్రం చెప్పండి.